హైబ్రిడ్ కారు బ్యాటరీని పదేళ్లు దాటించడం ఎలా, పాడయ్యాక ఎవరికి అప్పగించాలి

హైబ్రిడ్ కారులో వెనక సీటు పక్కనో, సీటు కిందో అరచేయంత ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని స్పీకర్ అనుకుంటారు. దానికి ఆనించి బ్యాగులు పెడతారు. సీటు కవర్లు వేసేవాళ్లు రెగ్జిన్‌ను దాని మీదుగా లాగి కుట్టేస్తారు. కారులోని పెద్ద బ్యాటరీ గాలి పీల్చుకునేది ఆ జాలీలోంచే. అది మూసుకుపోతే, పదేళ్లు దాటి హాయిగా నడవాల్సిన బ్యాటరీ ఏడెనిమిదేళ్లకే మొరాయిస్తుంది. తిరిగిన కిలోమీటర్ల కన్నా పట్టిన వేడే బ్యాటరీని ముందు తినేస్తుంది. పర్యావరణం మీద దాని భారం ఎంత అన్న లెక్క కూడా చివరికి ఇక్కడికే వస్తుంది: ఒకే బ్యాటరీతో ఎన్నేళ్లు నడిపారు, ఆ తర్వాత దాన్ని ఎవరి చేతిలో పెట్టారు.

ముందు మీ కారులో ఏముందో తెలుసుకోండి

హైబ్రిడ్ అని రాసి ఉన్న కార్లన్నీ ఒకటి కావు. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ లాంటి మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజిన్‌కి కాస్త సాయం పడుతుందే తప్ప తానొక్కటే కారును లాగలేదు. వాటి సంగతి వేరు. ఇక్కడ చెప్పేది స్ట్రాంగ్ హైబ్రిడ్‌ల గురించి: టయోటా ఇన్నోవా హైక్రాస్, హైరైడర్, కామ్రీ, మారుతి ఇన్విక్టో, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, హోండా సిటీ హైబ్రిడ్. అమెరికాలో మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునే పాత ప్రియస్‌కీ ఇవే సూత్రాలు.

వీటిలో రెండు రకాల బ్యాటరీలున్నాయి. హైక్రాస్, ఇన్విక్టో, పాత ప్రియస్‌లలో నికెల్ మెటల్ హైడ్రైడ్. హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీలలో లిథియం అయాన్. నికెల్ రకం బరువెక్కువ, మొండిది. లిథియం తేలికది, చిన్నది, వేడి విషయంలో ఇంకాస్త సున్నితం.

సైజు గుర్తుంచుకోండి, లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. హైరైడర్ బ్యాటరీ 177.6 వోల్టులు, 0.76 కిలోవాట్ అవర్ (ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్). 2004 నుంచి 2015 వరకు వచ్చిన రెండు తరాల ప్రియస్‌లలో ఉన్నది 28 మాడ్యూళ్ల ప్యాక్. ఒక్కో మాడ్యూల్‌లో 1.2 వోల్టుల సెల్స్ ఆరు, మొత్తం 168 సెల్స్, 201.6 వోల్టులు, సుమారు 1.3 కిలోవాట్ అవర్. 2020లో వచ్చిన నెక్సాన్ ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్. అంటే అందులోని ఒక్క బ్యాటరీ సరుకుతో దాదాపు నలభై హైరైడర్‌లకు బ్యాటరీలు చేయొచ్చు. హైబ్రిడ్ గురించి భయపడేవాళ్లు చాలామంది మనసులో ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ బొమ్మ పెట్టుకుని భయపడతారు.

ఇంత చిన్న బ్యాటరీ అన్నేళ్లు ఎలా నిలుస్తుందంటే, కంప్యూటర్ దాన్ని ఎప్పుడూ నిండా నింపదు, ఎప్పుడూ ఖాళీ చేయదు. ప్రియస్‌లో ఛార్జ్‌ను సుమారు 40 శాతానికీ 80 శాతానికీ మధ్యనే ఆడిస్తుంది. డాష్‌బోర్డు మీద గీతలన్నీ నిండాయంటే బ్యాటరీ నిండినట్టు కాదు, తనకిచ్చిన హద్దు దాకా వచ్చినట్టు. ఫోన్ బ్యాటరీ రోజూ నిండుతూ ఖాళీ అవుతూ మూడేళ్లకే నీరసపడుతుంది. దానితో దీన్ని పోల్చకండి. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2 లక్షల మైళ్లు దాటిన 2002 నాటి ప్రియస్‌ను 2011లో పరీక్షించింది. పదేళ్ల కిందట కొత్త కారులో వచ్చిన మైలేజీయే దాదాపుగా అందులోనూ వచ్చింది.

మన దేశంలో టయోటా, మారుతి, హోండా మూడూ ఈ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నాయి. అమెరికాలో టయోటా 2020 మోడల్ నుంచి దాన్ని 10 ఏళ్లు, 1,50,000 మైళ్లకు పెంచింది.

వేడి ఏం చేస్తుంది

నికెల్ బ్యాటరీలోకి ఛార్జ్ ఎక్కుతున్నప్పుడు, ముఖ్యంగా పై హద్దుకి దగ్గరైనప్పుడు, కొంత కరెంటు నిల్వ కాకుండా లోపల ఆక్సిజన్ వాయువుగా మారుతుంది. అది మళ్లీ ప్లేట్ల మీద కలిసిపోతూ వేడి పుట్టిస్తుంది. బ్యాటరీ అప్పటికే వేడిగా ఉంటే ఈ వృథా పెరుగుతుంది, వృథా పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. లిథియం రకంలో వేడికి లోపలి ఎలక్ట్రోడ్ మీద పొర దళసరెక్కుతూ సామర్థ్యాన్ని మింగేస్తుంది. ఇలాంటి రసాయన చర్యలు పదేసి డిగ్రీలకు దాదాపు రెట్టింపు వేగం అందుకుంటాయన్నది మోటు లెక్కే అయినా పనికొచ్చే లెక్క.

మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 డిగ్రీలుంటే, ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల ఇంకెంత ఉంటుందో తలుపు తీయగానే ముఖానికి తగులుతుంది. బ్యాటరీ ఫ్యాన్ లాక్కునేది ఆ క్యాబిన్ గాలినే. అందుకే మన ఎండలకు ఈ కింది అలవాట్లు తప్పనిసరి.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే యాక్సిలరేటర్ తొక్కకండి. నాలుగు అద్దాలూ దించి ఒక నిమిషం నడపండి, తర్వాత మూసి ఏసీ వేయండి. ముందు సీట్ల వాళ్లకు చల్లబడగానే బ్లోయర్ తగ్గించేస్తారు. వెనక భాగం కూడా చల్లబడేదాకా ఆగండి, బ్యాటరీకి కావలసింది ఆ గాలే. నీడ దొరకని చోట ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టినా తేడా కనిపిస్తుంది. ఏసీ ఆపి పెట్రోలు ఆదా చేద్దామనే ఆలోచన హైబ్రిడ్‌లో మన ఎండాకాలానికి పనికిరాదు.

జాలీ, ఫిల్టర్ శుభ్రం చేసే పద్ధతి

ఇదే అసలు పని. పావుగంట కూడా పట్టదు. అయినా సర్వీసుల్లో ఎక్కువగా దాటేసేది దీన్నే.

జాలీ ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. "హైబ్రిడ్ బ్యాటరీ ఎయిర్ ఇన్‌టేక్ వెంట్" అన్న పేరుతో బొమ్మ ఉంటుంది. మోడల్‌ను బట్టి చోటు మారుతుంది. అమెరికా ప్రియస్‌లలో రెండో, మూడో తరాల్లో వెనక సీటుకి కుడివైపున ఉంటుంది, నాలుగో తరంలో వెనక సీటు కిందికి వచ్చింది.

కారు పూర్తిగా ఆఫ్ చేయండి. స్మార్ట్ కీ కారులో ఉంచకండి. జాలీ పైనున్న దుమ్మును ముందు వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి, లేకపోతే ఊడదీసేటప్పుడు అదంతా లోపలికే రాలుతుంది. తర్వాత జాలీ అంచు పట్టుకుని సూటిగా మీ వైపుకి లాగండి, క్లిప్పులు ఒక్కొక్కటే వదులుతాయి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే క్లిప్ విరుగుతుంది, ఆ తర్వాత జాలీ గిలగిలలాడుతూనే ఉంటుంది.

జాలీ వెనక సన్నని వల లాంటి ఫిల్టర్ ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో ఫిల్టర్ ఉండదు, జాలీ ఒక్కటే. ఏడాదిపాటు ముట్టని ఫిల్టర్ చూడాలంటే టార్చి వేసి చూడండి: వల కన్నాలు కనిపించవు. బూడిదరంగు దుమ్ము, కార్పెట్ పీచు, చీరల దూది, తలవెంట్రుకలు కలిసి పలచటి కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటాయి. ఒక మూల గోరుతో లేపితే మొత్తం పొర ఒక్క ముక్కగా లేచి వస్తుంది. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే మూడు నెలలకే ఈ స్థితి.

ఆ పొరను తీసేసి, వలను లోపలి వైపు నుంచి బయటికి వాక్యూమ్ చేయండి. నీళ్లతో కడగకండి. ఎయిర్ కంప్రెసర్ గాలి కొట్టాలంటే ఊడదీసిన ఫిల్టర్ మీద, కారు బయట మాత్రమే. కారులోని కన్నంలోకి గాలి కొడితే దుమ్ము నేరుగా బ్యాటరీ మాడ్యూళ్ల సందుల్లోకి పోతుంది, దాన్ని తీయాలంటే ప్యాక్ మొత్తం విప్పాలి. సర్వీస్ సెంటర్‌లో ఇంటీరియర్ క్లీనింగ్ చేసేవాళ్లు చేసే పొరపాటు ఇదే. పని మొదలెట్టక ముందే చెప్పండి.

ఫిల్టర్ వెనక్కి పెట్టేటప్పుడు ఎటువైపు ఉందో అటే పెట్టండి. ఫిల్టర్ లేకుండా ఒక్కరోజు కూడా నడపకండి. బ్యాటరీ కూలింగ్ భాగాలకు మెయింటెనెన్స్ కావాలన్న మెసేజ్ అప్పటికే డాష్‌బోర్డు మీద వచ్చి ఉంటే, శుభ్రం చేసిన వెంటనే పోకపోవచ్చు. ఇరవై నిమిషాలు నడిపి చూడండి. అప్పటికీ పోకపోతే ఫ్యాన్‌నే చూడాలి. ఉడుత చక్రంలా ఉండే ఆ ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము గట్టిపడితే, తిరుగుతున్న చప్పుడు వస్తుంది గానీ గాలి కదలదు. దాన్ని విప్పి బ్రష్‌తో శుభ్రం చేయడం మెకానిక్ పని.

ఎన్నాళ్లకొకసారి? సిటీలో అయితే 5,000 కిలోమీటర్లకు ఒకసారి, మట్టి రోడ్లు, క్వారీ లారీలు తిరిగే దారుల్లో అయితే నెలకొకసారి తీసి చూడండి. చూడటానికి ఖర్చేమీ లేదు.

సీటు కవర్లు, మందపాటి ఫ్లోర్ మ్యాట్లు వేయించేటప్పుడు దగ్గర ఉండండి. జాలీ ఉన్న మేర కవర్ మీద మార్కర్‌తో గీత గీసి, కవర్‌ను అక్కడ కోసేయమని చెప్పండి. జాలీ దగ్గర నీళ్ల క్యాన్లు, తడి గొడుగులు పెట్టకండి.

నడిపేటప్పుడు

సిగ్నల్ దగ్గర గేరు న్యూట్రల్‌లో వేయడం మనవాళ్లకు బాగా అలవాటు. టయోటా హైబ్రిడ్‌లలో న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీకి ఛార్జ్ ఎక్కదు. ఏసీ కంప్రెసర్ మాత్రం అదే బ్యాటరీ నుంచి లాగుతూనే ఉంటుంది. పంజాగుట్టలోనో బెంజ్ సర్కిల్‌లోనో ఇరవై నిమిషాలు ఇరుక్కున్నారంటే ఛార్జ్ అడుగంటుతుంది. ఆగినచోట డీలోనే ఉంచి బ్రేక్ తొక్కి పట్టుకోండి, ఎక్కువసేపైతే పార్కింగ్‌లో వేయండి.

ఘాట్ దిగేటప్పుడు సంగతి తిరగబడుతుంది. తిరుమల నుంచి దిగే పాత ఘాట్‌లోనో, అరకు నుంచి దిగేటప్పుడో బ్రేక్ తొక్కిన ప్రతిసారీ ఛార్జ్ ఎక్కుతుంది. కొన్ని కిలోమీటర్లకే గీతలన్నీ నిండిపోతాయి. ఆ తర్వాత శక్తిని దాచుకునే చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది, బ్యాటరీ మాత్రం అప్పటికే వేడెక్కి ఉంటుంది. సగం దిగకముందే బీ పొజిషన్‌లోకి, లేదా మీ కారులో దానికి సమానమైన ఇంజిన్ బ్రేక్‌లోకి మారండి. చదునైన రోడ్డు మీద బీ వాడకండి, అక్కడ పెట్రోలు వృథా.

పెట్రోలు అయిపోతే బ్యాటరీ మీద బంకు దాకా లాగించేద్దామనుకోవద్దు. ఆ రెండు కిలోమీటర్లు బ్యాటరీని హద్దు కిందికి దించేస్తాయి. అది అడుగంటితే ఇంజిన్ తిప్పే దిక్కు కూడా ఉండదు, ఎందుకంటే ఈ కార్లలో మామూలు స్టార్టర్ మోటారు లేదు.

అమెరికా నుంచి మూడు నెలలు ఇండియాకి వచ్చేవాళ్లు, ఇక్కడినుంచి పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రులు కారుని కవర్ కప్పి వదిలేస్తారు. టయోటా చెప్పేదేమంటే రెండు మూడు నెలలకొకసారైనా కనీసం అరగంట లేదా 16 కిలోమీటర్లు నడపాలి. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి స్టార్ట్ చేసి ఆపేయమంటే చాలదు. నిజంగా రోడ్డెక్కాలి.

చిన్న బ్యాటరీని చూసి పెద్దదాన్ని అనుమానించొద్దు

హైబ్రిడ్‌లో మామూలు 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంటుంది. కంప్యూటర్లను, రిలేలను మేల్కొలిపేది అదే. అది నీరసిస్తే డాష్‌బోర్డు మీద క్రిస్మస్ చెట్టులా దీపాలన్నీ వెలుగుతాయి, కారు కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ దీపం మాత్రం రాదు. హైబ్రిడ్ బ్యాటరీ పోయిందేమోనని గుండె జారుతుంది. ముందు మల్టీమీటర్ పెట్టండి. రాత్రంతా నిలిపిన కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం, 11.8 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. కేబుల్ పెట్టి జంప్ స్టార్ట్ చేయొచ్చు. హైబ్రిడ్ నుంచి ఇంకో కారుకి మాత్రం జంప్ ఇవ్వకండి, సర్క్యూట్లకు దెబ్బ. తోసి స్టార్ట్ చేయడం కుదరదు. ముందు చక్రాలు నేల మీద ఉంచి టోయింగ్ కూడా చేయించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. కారుని మొత్తంగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి.

బ్యాటరీ ఆరోగ్యం ఎలా చూడాలి

నీరసపడుతున్న ప్యాక్ ముందే చెబుతుంది. గీతలు నిమిషాల్లో పైకి ఎగబాకి, అంతే వేగంగా కిందికి పడతాయి. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ పదే పదే వేసుకుంటుంది. వెనకనుంచి ఫ్యాన్ హోరు పెరుగుతుంది. మైలేజీ నెమ్మదిగా జారుతుంది.

సొంతంగా చూసుకోవాలంటే కారు కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌కి పంపే ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో డాక్టర్ ప్రియస్ లేదా హైబ్రిడ్ అసిస్టెంట్ యాప్ చాలు. మీ మోడల్‌కి యాప్ పనిచేస్తుందో లేదో చూసుకుని అడాప్టర్ కొనండి. ప్రియస్‌లో 28 మాడ్యూళ్లను రెండేసి చొప్పున 14 బ్లాకులుగా చూపిస్తుంది. ఒక్కో బ్లాకు 14.4 వోల్టుల లెక్క. కారు నిలిపి ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, దాన్ని నమ్మొద్దు. ఖాళీ రోడ్డు మీద పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్ చూస్తుండగా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి, తర్వాత గట్టిగా బ్రేక్ తొక్కండి. ఎక్కువ ఉన్న బ్లాకుకీ తక్కువ ఉన్న బ్లాకుకీ తేడా 0.3 వోల్టుల లోపు ఉంటే బెంగ లేదు. ప్రతిసారీ ఒకే బ్లాకు అరవోల్టు వెనకబడుతుంటే రోజులు దగ్గరపడుతున్నాయి. ఒక వోల్టు దాటిందంటే అందులో ఒక సెల్ పోయినట్టే, డాష్‌బోర్డు మీద హెచ్చరికగా ఎర్ర త్రికోణం నేడో రేపో వెలుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అందరికన్నా కిందికి, బ్రేక్ తొక్కినప్పుడు అందరికన్నా పైకి పోయే బ్లాకే దోషి.

మెకానిక్ స్కానర్‌లో పి0ఎ80 అన్న ఫాల్ట్ కోడ్ వస్తే ప్యాక్ మార్చమని అర్థం. పి0ఎ93 అయితే అది ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీ కరెంటును మోటారుకి ఏసీగా మార్చే పరికరం) కూలింగ్‌ది, బ్యాటరీది కాదు. పాత ప్రియస్‌లో ఆ కోడ్‌కి చాలాసార్లు ఇన్వర్టర్ కూలెంట్ పంపు మారిస్తే సరిపోతుంది. పి0ఎఎ6 వస్తే హై వోల్టేజీ ఎక్కడో బాడీకి లీకవుతోందని, దాన్ని వెంటనే చూపించాలి. కోడ్ అంకెలు కాగితం మీద రాయించుకోకుండా ఎవరు "బ్యాటరీ పోయింది" అన్నా ఒప్పుకోకండి.

సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొనేవాళ్లు ఈ బ్లాకు పరీక్ష తప్పక చేయించాలి. దానికన్నా ముందు జాలీ ఊడదీసి చూడాలి. ఆ ఫిల్టర్ చూస్తే కారుని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది.

రిపేరా, కొత్తదా

వారంటీ ఉంటే ఈ ప్రశ్నే లేదు. లేనప్పుడు మూడు దారులు: పోయిన మాడ్యూల్ ఒక్కటే మార్చడం, రీకండిషన్ చేసిన ప్యాక్, కొత్త ప్యాక్.

ఒక్క మాడ్యూల్ మార్చడం చవక, కానీ ఎక్కువకాలం నిలవదు. 28 మాడ్యూళ్లూ దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటాయి, అందరిలోకి బలహీనమైనదాని సామర్థ్యమే మొత్తం ప్యాక్ సామర్థ్యం. ఒకటి పోయిందంటే మిగతా 27 కూడా అదే వయసువి, అదే వేడి తిన్నవి. ఇవాళ ఒకటి మారిస్తే ఆరు నెలలకు ఇంకొకటి. కారు అమ్మేలోపు ఏడాది నడిస్తే చాలనుకునేవాళ్లకు తప్ప ఇది సలహా ఇవ్వదగ్గ పని కాదు. రీకండిషన్ ప్యాక్ కొంటే ఎలా చేశారో అడగండి. ప్రతి మాడ్యూల్‌నీ మూడుసార్లయినా ఛార్జ్, డిశ్చార్జ్ చేసి, సామర్థ్యం కొలిచి, దగ్గరి అంకెలున్నవాటినే కలిపి కట్టారా? ఛార్జ్ చేసేటప్పుడు మాడ్యూళ్లను పలకల మధ్య బిగించారా? బిగించకపోతే అవి ఉబ్బుతాయి. జవాబు సూటిగా రాకపోతే వదిలేయండి. పదేళ్లు దాటిన కారుని ఇంకో ఐదేళ్లు ఉంచుకునే ఉద్దేశముంటే కొత్త సెల్స్ ఉన్న ప్యాకే మేలు.

ప్యాక్ అంతా బాగుండి కనెక్షన్లు పాడైన సందర్భాలూ ఉంటాయి. మాడ్యూళ్లను కలిపే రాగి బస్‌బార్‌ల మీద తేమకు పచ్చని చిలుము పడుతుంది. డిక్కీ సీలు కారి నీళ్లు చేరిన కార్లలో ఇది మామూలే. నిమ్మతొక్క, ఉప్పు పెట్టి తోమిన రాగి చెంబులా బార్ మెరిసేదాకా శుభ్రం చేసి తిరిగి బిగిస్తే కోడ్ పోవచ్చు. నట్టు బిగింపు 5.4 న్యూటన్ మీటర్లే. చేతిబలం చూపిస్తే మాడ్యూల్ బోల్టు ఊడి చేతికొస్తుంది.

ఇవన్నీ మెకానిక్‌ని అడగడానికి చెబుతున్నవి, ఇంట్లో విప్పడానికి కాదు. 200 వోల్టుల డీసీ పట్టుకుంటే వదలదు. నారింజరంగు కేబుల్‌ని ఎప్పుడూ తాకకండి. మెకానిక్ అయినా సరే ప్యాక్ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ పీకి జేబులో వేసుకుని, పది నిమిషాలు ఆగి, 1000 వోల్టుల రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, మీటర్‌తో సున్నా చూశాకే చేయి పెట్టాలి. గ్లవ్స్ లేని షాపులో హైబ్రిడ్ విప్పనివ్వకండి.

పర్యావరణం లెక్క, మీ కారుకి మీరే వేసుకోండి

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లిథియం బ్యాటరీ తయారీలో కిలోవాట్ అవర్‌కి 60 నుంచి 100 కిలోల దాకా వస్తుందని అంచనాలు. పెద్ద అంకే తీసుకుందాం. హైరైడర్ బ్యాటరీకి 76 కిలోలు, అంటే 33 లీటర్ల పెట్రోలు.

ఏడాదికి 15,000 కిలోమీటర్లు, ఎక్కువగా సిటీలో తిరిగేవాళ్లను తీసుకోండి. అదే సైజు పెట్రోలు కారు లీటరుకి 14 ఇస్తే 1,071 లీటర్లు. హైబ్రిడ్ 21 ఇస్తే 714. తేడా 357 లీటర్లు, కార్బన్ డయాక్సైడ్‌లో 820 కిలోలు. రోజుకి దాదాపు లీటరు. బ్యాటరీ తయారీ బాకీ అయిదు వారాల్లో తీరిపోతుంది. 1.3 కిలోవాట్ అవర్ నికెల్ ప్యాక్‌కి కిలోవాట్ అవర్‌కి మూడు రెట్లు, 300 కిలోలు వేసుకున్నా ఆరు నెలలు దాటదు. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చాల్సి వచ్చినా లెక్క తలకిందులు కాదు. మీ రెండు మైలేజీలు, మీ కిలోమీటర్లు ఇందులో పెట్టి చూసుకోండి. రోజూ హైవే మీద వంద స్పీడులో పోయేవాళ్లకు తేడా బాగా తగ్గుతుంది. బ్రేక్ తొక్కనిచోట తిరిగి రాబట్టే శక్తీ ఉండదు మరి.

కార్బన్‌తో లెక్క పూర్తి కాదు. నికెల్ కోసం ఇండోనేషియాలో అడవులు కొడుతున్నారు, అక్కడ దాన్ని కరిగించేది ఎక్కువగా బొగ్గు కరెంటుతో. కోబాల్ట్ కాంగో గనుల నుంచి, లిథియం కొంత చిలీ అటకామా ఎడారిలోని ఉప్పునీటి నుంచి వస్తాయి. నికెల్ ప్యాక్‌లోని లాంథనం లాంటి అరుదైన ఖనిజాలకు, మోటారు అయస్కాంతంలోని నియోడిమియంకి చైనా ఇన్నర్ మంగోలియాలోని బయాన్ ఓబో పెద్ద గని. అక్కడి మట్టికీ నీళ్లకీ జరిగిన నష్టం మన మైలేజీ మీటర్‌లో కనిపించదు. ఆ లోహాన్ని ఒకసారి తవ్వాక రెండోసారి తవ్వకుండా చేయడమే మన చేతిలో ఉన్నది. బ్యాటరీ ఎనిమిదేళ్ల బదులు పదహారేళ్లు నడిస్తే కిలోమీటర్‌కి పడే తవ్వకం సగమవుతుంది. ఆ తర్వాత అది రీసైక్లర్‌కి చేరితే నికెల్, కోబాల్ట్ మళ్లీ బ్యాటరీలోకే రాగలవు.

పాడైన ప్యాక్‌ను అప్పగించడం

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ నిబంధనలు హైబ్రిడ్ కార్ల బ్యాటరీలను కూడా ఎలక్ట్రిక్ వాహన బ్యాటరీల కిందే చేర్చాయి. తయారీదారు గానీ దిగుమతిదారు గానీ వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాల్సిందే. రీసైక్లర్ రాబట్టాల్సిన పదార్థం 2024-25లో 70 శాతం, 2025-26లో 80, 2026-27 నుంచి 90. వాడినవాళ్ల బాధ్యత కూడా అందులో రాశారు: మిగతా చెత్తతో కలపకుండా, సేకరించే లేదా రీసైకిల్ చేసే సంస్థకే ఇవ్వాలి.

కాబట్టి కొత్త ప్యాక్ వేయించేటప్పుడు పాతదాన్ని డీలర్‌కే వదిలేయండి. బిల్లులో పాత బ్యాటరీ తీసుకున్నట్టు సీరియల్ నంబర్‌తో రాయించుకోండి. బయట మెకానిక్ దగ్గరైతే పాత ప్యాక్ ఎవరికి పోతుందో అడగండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ల పేర్లు చూసుకోవచ్చు. పాత ఇనుప సామాన్ల బండికి మాత్రం ఇవ్వకండి. రాగి కోసం సుత్తితో పగలగొట్టేవాడికి లోపల ఇంకా కరెంటు ఉందని తెలియదు. నికెల్ రకంలో చర్మం కాల్చే పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, లిథియం రకమైతే మంటే. 12 వోల్టుల చిన్న బ్యాటరీకి కూడా ఇదే జాగ్రత్త కావాలి. అందులోది సీసం, పెరట్లో కరిగిస్తే ఆ పొగ, ఆ బూడిద చుట్టుపక్కల పిల్లల రక్తంలోకి చేరుతుంది.

వరదలో మునిగిన కారైతే దారి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటిలా నీళ్లు సీట్ల దాకా వస్తే, నీళ్లు తీశాక పవర్ బటన్ నొక్కి చూడకండి. ఆరాక కూడా వద్దు. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, ఫ్లాట్‌బెడ్ మీద సర్వీస్ సెంటర్‌కి పంపి, మునిగిన హైబ్రిడ్ అని ముందే చెప్పండి. తీసుకెళ్లేదాకా కారుని ఆరుబయట, ఇంటి గోడకూ ఇతర బళ్లకూ దూరంగా ఉంచండి. తడిసిన లిథియం ప్యాక్ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. విప్పి పక్కనపెట్టిన ప్యాక్ అయినా అంతే: నీడలో, పొడి నేల మీద, కరెంటు ప్రవహించని చెక్క మీద, టెర్మినళ్లకు టేపు చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, రీసైక్లర్ బండి వచ్చినప్పుడు రసీదు తీసుకోండి.